ఐదో డబ్బా

గంటన్నర పైగా తెల్లగా ఉండాల్సిన ఐదో డబ్బా, మూత విప్పిన పాతిక నిమిషాలకే అడుగుదాకా నేరేడుపండు రంగుకు తిరిగిపోయి ఉండడం కజియురా టార్చి వెలుగులో చూసింది.

ఆమె వెంటనే ఎవరికీ చెప్పలేదు. డబ్బాకున్న గాజు కిటికీని చేతిగుడ్డతో తుడిచి మళ్ళీ చూసింది. మరక కాదు. లోపలి సున్నపు గింజలే రంగు మారాయి. మనుషులు వదిలిన చెడుగాలిని పీల్చుకోవడం తప్ప ఆ గింజలకు వేరే పని లేదు. పీల్చే శక్తి ఉన్నంతసేపూ తెల్లగా ఉంటాయి. కడుపు నిండితే ఊదాగా మారతాయి. అంతే సంగతి, ఆ డబ్బా పారేసి ఇంకోటి విప్పుకోవాలి.

చెడుగాలిని కొలిచే గోడమీది మీటరు రెండు పాయింట్ ఒకటి శాతం చూపిస్తోంది. ఈపాటికి అది ఒకటికి దిగాలి.

"ఏంటి కజియురా-సాన్, ఆ డబ్బాని అలా చూస్తున్నారు? పెళ్ళిచూపులా?" అన్నాడు హొజుమి. ముప్ఫై మూడేళ్ళ ఎలక్ట్రీషియన్. ఉక్కు గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాడు.

"ఆరో డబ్బా ఇలా ఇవ్వు."

"అప్పుడేనా?"

"ఇవ్వమన్నాను."

హొజుమి లేచి అందించాడు. ఆమె ముఖం చూశాక ఇంకో పరాచికం ఆడబోయి మానుకున్నాడు.

అది పాత జలాంతర్గామి నుంచి కోసి తీసిన వెనకగది. రెండు కొసలకూ ఉక్కు పలకలు అతికి, పైకి తప్పించుకుపోయే గొట్టాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, కమొసె ద్వీపం పక్కన ఇరవై ఎనిమిది మీటర్ల లోతున అడుగు మట్టిలో కూర్చోబెట్టారు. లోపల కొలిస్తే ఆరు చాపలు పరిస్తే నిండిపోయే గదంత ఉంటుంది. బోటు, అంటే వాళ్ళ భాషలో జలాంతర్గామి, మునిగితే అందులో మిగిలినవాళ్ళు పన్నెండు గంటలు బతికి, తప్పించుకునే సూట్లు తొడుక్కుని పైకి తేలగలరా? సున్నపు డబ్బాలు, సూట్లు, మనుషులు అనుకున్నట్టు పనిచేస్తారా? ఇదీ పరీక్ష. పొద్దున ఏడూ పదికి కజియురా నాయకత్వాన ఐదుగురు దిగారు. సాయంత్రం ఏడూ ఇరవైకి పైకి రావాలి. ఆ వేళలు పెట్టింది కజియురా కాదు, సముద్రం. కమొసె పక్కన జలసంధిలో పోటుకీ ఆటుకీ నడుమ నీళ్ళు నిలిచేది ఇరవై నిమిషాలే. మిగతా ఆరుగంటలూ ఏరులా పరుగు. మనిషి తేలినా, డైవరు దిగినా ఆ ఇరవై నిమిషాల్లోనే.

మధ్యాహ్నం ఒంటిగంటా పావుకి నీళ్ళు ఒకసారి నిలిచాయి. ఇప్పుడు రెండూ ఐదు. పరుగు మొదలైంది. ఉక్కు పలకల అవతల ఎవరో నేల ఊడుస్తున్నట్టు ఆగకుండా ఒకటే చప్పుడు.

ఆరో డబ్బా మూత విప్పి, బుల్లి పంకాకి బిగించి, కజియురా గడియారం చూసుకుంది. పదో నిమిషానికి కిటికీ అంచున ఊదా జీర పాకింది. ఇరవయ్యో నిమిషానికి మొత్తం పండింది.

"ఇక దాచి లాభం లేదు" అందామె. "అందరూ ఇటు చూడండి."

చూశారు. మూలన కూర్చుని నాడి లెక్కలు రాసుకుంటున్న వైద్య సహాయకురాలు ఉరబె పెన్ను ఆపేసింది. డబ్బాలు తయారుచేసే కంపెనీ తరఫున దిగిన ఇంజినీరు నిషిగోరి కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు. గొట్టం కింద, ఫోను పక్కన కూర్చున్న వాకిసాక మాత్రం కదల్లేదు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్ఫై నాలుగేళ్ళు జలాంతర్గాముల్లోనే గడిపి, ఇప్పుడు పరీక్షా సంస్థలో సామాన్ల గది చూసుకుంటున్నాడు. లోపల అంత నిశ్చలంగా కూర్చోగలిగేవాడు ఆయన ఒక్కడే.

హొజుమి నిషిగోరి వైపు తిరిగాడు. "ఇదా మీ కంపెనీ సరుకు? మా ఆవిడ పెట్టే ఊరగాయ ఇంతకన్నా ఎక్కువ కాలం నిలవుంటుంది."

"ఒక్క నిమిషం" అన్నాడు నిషిగోరి.

"నిమిషాలే లేవంటుంటే."

"హొజుమీ, నోరు తగ్గించు. మాట్లాడితే గాలి ఖర్చు" అంది కజియురా.

నిషిగోరి డబ్బా మూతను దీపం కిందికి తీసుకెళ్ళి, అంచు చుట్టూ గోరుతో తడిమాడు. చాలాసేపు తడిమాడు. పైకెత్తిన ముఖంలో కోపం కంటే అవమానమే ఎక్కువగా ఉంది.

"ఇది మా బిగింపు కాదండీ. మాది యంత్రం నొక్కుతుంది, చుట్టూ ఒకే లోతు. ఇది పట్టకారుతో వంచారు. చూడండి, ఇక్కడ లోతు, ఇక్కడ లేదు. ఎవరో వాడేసిన డబ్బా తెచ్చి, కొత్త మూత పెట్టి నొక్కారు."

"వాడేసిందయితే ఊదాగా ఉండాలి కదా" అంది ఉరబె. "పొద్దున తెల్లగా ఉంది. నేనూ చూశాను."

"అదే దీంతో వచ్చిన తంటా. వాడిన గింజల్ని నాలుగు రోజులు ఊరికే ఉంచితే మళ్ళీ తెల్లబడతాయి. రంగు తిరిగొస్తుంది, ప్రాణం తిరిగిరాదు. అందుకే వాడిన వెంటనే పారేయమని పుస్తకంలో రాశాం."

కజియురాకు పొద్దుటి తనిఖీ గుర్తొచ్చింది. దిగగానే ఆమె పన్నెండు డబ్బాల ముందూ వరసగా నిలబడింది. చెయ్యి చాచి, చూపుడువేలు డబ్బాకి గురిపెట్టి, గొంతెత్తి అంది: "ఒకటో డబ్బా. తెలుపు. సరి." వాకిసాక వెనక నిలబడి అదే మాట తిరిగి చెప్పాడు. అలా పన్నెండు సార్లు. వేలు పెట్టి, పేరు పెట్టి, పైకి చెప్పనిదే వాళ్ళ లోకంలో ఏదీ చూసినట్టు కాదు. కళ్ళు మోసపోవచ్చు, బుర్ర నిద్రపోవచ్చు. వేలూ గొంతూ కలిస్తే తప్పు జరగదని మొదటిరోజే నేర్పుతారు. ఆమె ఆ పని అక్షరం తప్పకుండా చేసింది. కాగితంలో రంగు అని ఉంది, రంగు చూసింది. మూత అంచు అని కాగితంలో లేదు. పన్నెండుసార్లు సరి అని అరిచింది తన గొంతే.

ఆమె ఫోనందుకుంది. పైన సహాయ నౌక కెప్టెన్ మొమొసె పలికాడు.

"మొమొసె-సాన్, డబ్బాలు చచ్చాయి. ఐదూ ఆరూ పోయాయి. మిగతావి చూస్తున్నాను. డైవర్లతో కొత్తవి దింపగలరా?"

కాసేపు గరగర. "కజియురా-సాన్, ఇక్కడ నా ముక్కు నాకే కనపడట్లేదు. పొగమంచు దుప్పటిలా కప్పేసింది. నీళ్ళు చూస్తే పిచ్చెక్కిన గుర్రంలా పోతున్నాయి. డైవరు తాడు పట్టుకున్నా నిలవలేడు."

"మేం పైకొచ్చేస్తే?"

"వస్తారు. వచ్చి ఓడలదారిలో తేలతారు. ఇందాకే ఒక సరుకు ఓడ కూత వేసుకుంటూ పోయింది. మీ తలకాయలు వాళ్ళకి కనపడవు, వాళ్ళ ఓడ మీకు కనపడదు. ఆరింటికి నీళ్ళ పరుగు కాస్త నెమ్మదిస్తుంది. ఆరుంబావుకి మంచు విడితే పడవలు వేసి ఏరుకోగలను. ఏడూ ఇరవైకయితే చేత్తో అందుకుంటాను. అప్పటిదాకా ఓర్చుకోండమ్మా."

ఆమె ఫోను పెట్టేసి మిగిలిన ఆరు డబ్బాల మూతలూ విప్పించింది. మంచి గింజలైతే ఊపిరి తగలగానే వేడెక్కుతాయని నిషిగోరి చెప్పాడు. తలా ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఊదారు. పసిపిల్లల్ని పట్టుకున్నట్టు రెండుచేతులా పట్టుకుని, లోపల ఎక్కడైనా వెచ్చదనం పుడుతుందేమోనని పది నిమిషాలు కూర్చున్నారు. ఉక్కు చల్లగానే ఉంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు కాస్త వెచ్చబడిందన్నాడు హొజుమి. అది అతని అరచేతి వేడి. పన్నెండూ చల్లనే.

"మొదటి నాలుగే అసలువి. మిగతా ఎనిమిదీ శవాలు" అన్నాడు నిషిగోరి.

ఊపిరికి కావాల్సిన గాలికి కొదవ లేదు. సీసాల నిండా ఉంది. మునిగిన బోటులో మనిషిని చంపేది గాలి లేకపోవడం కాదు, తాను వదిలిన గాలే. కజియురా బల్లమీద సుద్దతో లెక్క వేసింది. ఐదు నోళ్ళు, ఆరు చాపల గది. చెడుగాలి గంటకు ముప్పావు శాతానికి కాస్త తక్కువ చొప్పున పెరుగుతుంది. ఆరుంబావుకి మీటరు ఐదు చూపిస్తుంది. ఏడూ ఇరవైకి ఆరుకు దగ్గర పడుతుంది.

"ఐదు దాటితే ఏమవుతుందో చెప్పు" అంది ఉరబెతో.

ఉరబె గొంతు సవరించుకుంది. "చెయ్యి మనసు మాట వినదు. సూటు జిప్పు ఎక్కడుందో తెలుస్తుంది. లాగాలని తోచదు. కూర్చుని నవ్వుకునేవాళ్ళు కూడా ఉంటారట."

"అంటే హొజుమికి ఎప్పుడో దాటిందన్నమాట" అన్నాడు వాకిసాక. పొద్దుటి తనిఖీ తర్వాత ఆయన అన్న మొదటి మాట అదే. హొజుమి నవ్వాడు. మిగతావాళ్ళకి నవ్వొచ్చినా ఊపిరి పొదుపు చేసుకున్నారు.

"కాబట్టి ఆరుంబావుకి, ఐదు తాకగానే, నీళ్ళు నిలిచినా నిలవకపోయినా ఒక్కొక్కరం పైకెళ్తాం" అంది కజియురా. "అప్పటిదాకా పడుకోండి. కదలొద్దు."

పడుకున్నారు. ఆ గదిలో అంతకన్నా కష్టమైన పని లేదు. గోడలు చెమర్చి, చుక్కలు మెడమీద పడుతున్నాయి. ఎవరి చెమటో, ఎవరి ఊపిరో, నీళ్ళయి మళ్ళీ వాళ్ళమీదికే దిగుతున్నాయి. బయట ఊడుపు చప్పుడు ఆగలేదు. ఒకసారి ఓడ పంకా చప్పుడు దూరంనుంచి మొదలై, దగ్గరై, సరిగ్గా నెత్తిమీదుగా వెళ్ళింది. ఐదుగురూ కళ్ళు తెరిచి కప్పునే చూస్తూ, అది పోయేదాకా ఊపిరి బిగబట్టారు.

"ఈరోజు శుక్రవారం" అన్నాడు హొజుమి చీకట్లో. "పైన ఆనవాయితీ ప్రకారం కర్రీ అన్నం వండుంటారు. నా వాటా ఆ మొమొసె తింటాడు."

"తిననీ. నువ్వు తిన్నా అరగదు" అన్నాడు నిషిగోరి.

"మీరు మాట్లాడకండి. మీ డబ్బాల వల్లే కదా ఇదంతా."

"నా డబ్బాలు కావని చెప్పాను కదయ్యా. నా సరుకు మీద అనుమానం ఉంటే నేనెందుకు దిగుతాను? పైన కూర్చుని కర్రీ తినేవాణ్ణి."

ఆ మాట నిజమే. కజియురా కళ్ళు మూసుకుని అదే ఆలోచిస్తోంది. ఎవరో ఒడ్డునే మార్చారు. పెట్టెలు మోసింది హొజుమి. కాగితాలు చూసింది తను. సామాన్ల గది తాళంచెవి ఒకటి ఆఫీసు బీరువాలో ఉంటుంది, రెండోది వాకిసాక మొలతాడుకి. హొజుమి పెట్టె మోయగలడు కానీ మూత బిగించే ఓపిక అతనికి లేదు. ఇక వాకిసాక. ముప్ఫై నాలుగేళ్ళు ఒక్క తప్పు లేనివాడని ఒడ్డున కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఆయన్ని చూపించి చెబుతారు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తనమీద తనకు రోత పుట్టింది.

దానికన్నా పెద్ద ఆలోచన వెనకాలే వచ్చింది. డబ్బాలు మార్చినవాడు సూట్లు మార్చలేదని ఏమిటి నమ్మకం?

గొట్టం పక్కన ఐదు సూట్లు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి ఒక్కో గాలి సీసా. గొట్టంలో నీళ్ళు నిండగానే ఆ సీసా తల చుట్టూ గాలి నింపుతుంది. మనిషి ఆ గాలిలోనే ఊపిరి తీసుకుంటూ పైకి తేలతాడు. గాలి ఎంతుందో చూపే ముల్లు సీసాకి లేదు. ఒడ్డున తక్కెడలో తూచి, ఆకుపచ్చ చీటీ కడతారు. నిండు సీసాకీ సగం సీసాకీ తేడా చేతికి తెలియదు. తెరిచి చూస్తే ఉన్నదీ పోతుంది. సగం సీసాతో గొట్టంలోకి వెళ్ళినవాడు సగం దారిలో ఆగిపోతాడు. అంతకంటే ఘోరం, గొట్టంలోనే ఆగిపోతే. ఆ గొట్టం ఒక్కటే దారి. దాంట్లో ఒక శవం ఇరుక్కుంటే కిందున్న నలుగురికీ అదే బిరడా.

మీటరు మూడున్నర దాటింది. తలలు పగులుతున్నాయి. ఉరబె రెండుసార్లు వాంతి చేసుకుంది. కజియురా మోకాళ్ళమీద పాక్కుంటూ వెళ్ళి ఆమె నుదుటి మీద తడిగుడ్డ వేసింది. తిరిగొస్తుంటే వాకిసాక గొంతు తగ్గించి పిలిచాడు.

"కజియురా-సాన్. నన్నిప్పుడే పంపెయ్యండి."

"ఎక్కడికి?"

"పైకి. ఒక నోరు తగ్గుతుంది. మీకు ఇంకో అరగంట కలిసొస్తుంది."

"ప్రవాహం వేగం నాలుగు నాట్ల మీద ఉంది వాకిసాక-సాన్. పొగమంచు."

"ముసలివాణ్ణి. ఎక్కడ తేలితే ఏం."

"ఎక్కడ తేలినా నేను వచ్చి వెతకాలి. కూర్చోండి."

ఆయన తల వంచుకున్నాడు. ఆ వంచడంలో ఏదో ఎక్కువైంది. మాట కాదన్నందుకు తల వంచినట్టు లేదు. కజియురా తన చోటికి పాక్కుంటూ వెళ్ళి, ముందు తనని పంపమన్న ఆయన మాటనే తిరగేసి చూసింది. సీసాలమీద అనుమానం ఉన్నవాడెవడూ ముందు నేను వెళ్తాననడు. లేదా ఏ సీసా మంచిదో తెలిసినవాడే అంటాడు. లేదా ఏది చెడ్డదో తెలిసి, అది ఇంకొకరికి తగలకూడదనుకున్నవాడు.

ఐదుంబావుకి మీటరు నాలుగు పాయింట్ మూడు చూపించింది. అంకెలు ఆమె కళ్ళముందు ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి. ఇక ఆలస్యం చేస్తే అడగడానికి తనకు బుర్ర ఉండదు, చెప్పడానికి వాళ్ళకి ఉండదు. ఆమె గోడ పట్టుకుని లేచింది.

"సూట్ల తనిఖీ" అంది. "వాకిసాక-సాన్, మీరు చెప్పండి. మేం తిరిగి చెబుతాం."

"పొద్దున చేశాం కదా" అన్నాడు నిషిగోరి.

"మళ్ళీ చేస్తాం. పొద్దున వేలు పెట్టింది నేను."

వాకిసాక లేచాడు. ఆ గదిలో వణక్కుండా నిలబడ్డ కాళ్ళు ఆయనవే. మొదటి సూటు ముందు నిలబడి కుడిచెయ్యి చాచాడు. వేలు బాణంలా నిలిచింది.

"ఒకటో సూటు. చీటీ ఆకుపచ్చ. సీసా నిండు. సరి."

"సరి" అన్నారు నలుగురూ.

రెండు అడుగులు పక్కకి వేశాడు. చెయ్యి మళ్ళీ లేచింది.

"రెండో సూటు. చీటీ ఆకుపచ్చ. సీసా నిండు. సరి."

"సరి."

ఇంకో రెండు అడుగులు.

"మూడో సూటు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం తొడ పక్కనే ఉండిపోయింది. ఆయన దానివైపు చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు. మళ్ళీ అన్నాడు, "మూడో సూటు. చీటీ ఆకుపచ్చ." వేలు లేవలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా చూసినదాని మీదే లేచిన వేలు అది. నోటికి అబద్ధం నేర్పాడు కానీ దానికి నేర్పలేకపోయాడు.

హొజుమి కూడా నవ్వలేదు.

"వాకిసాక-సాన్" అంది కజియురా. "నన్ను చూడొద్దు. మీటరు చూడండి. ఎందుకు చేశారన్నది తర్వాత. ముందు ఏది మార్చారో చెప్పండి. ఏ సీసా మంచిదో తెలియకుండా నేను ఉరబెని గొట్టంలోకి పంపలేను."

ఆయన నేలమీద మోకాళ్ళు మడిచి కూర్చున్నాడు. చేతులు తొడలమీద పెట్టుకున్నాడు.

"మూడోది ఒక్కటే" అన్నాడు. "దాంట్లో సగం కూడా లేదు. ఒకటి, రెండు, నాలుగు, ఐదు నిండు సీసాలు. నేనే తూచాను. నా మాట నమ్మమని అడిగే ముఖం నాకు లేదు, కానీ వేలు చూశారు కదా, అది నమ్మండి. మీరు నలుగురూ ఆ నాలుగూ తొడుక్కోండి. ఉరబె-సాన్‌ని ముందు పంపండి, ఆ అమ్మాయి ఇంక ఎక్కువసేపు తట్టుకోలేదు. నేనిక్కడే ఉంటాను. ఐదు నోళ్ళు ఒకటైతే ఈ గాలి నన్ను ఏడూ ఇరవై దాకా లాగుతుంది. నీళ్ళు నిలిచాక డైవరు చేత మంచి సూటు పంపండి. అందరికన్నా చివర పైకి వెళ్ళాల్సింది మీరని నాకు తెలుసు కజియురా-సాన్. ఈ ఒక్కసారికి ఆ చోటు నాకు వదలండి.

"డబ్బాలు ఎనిమిదీ నేనే మార్చాను. మార్చి నెలాఖరున ఒక బోటు బయల్దేరింది, మీకు తెలుసు. అందులో డెబ్బై మంది. ముందురోజు సాయంత్రం వాళ్ళ సామాన్లు లెక్క చూడ్డానికి సాయం పిలిస్తే వెళ్ళాను. ఎనిమిది డబ్బాలకి గడువు దాటి ఏడు నెలలైంది. ఒక సూటు సీసా కారుతోంది. కొత్తవి కావాలంటే కాగితానికి ఆరు ముద్రలు పడాలి. నాలుగో ముద్ర మనిషి సెలవులో ఉన్నాడు. వారం పడుతుందన్నారు. బోటు తెల్లారి ఐదింటికి. ఆ కుర్రాళ్ళలో సగంమందికి మూత విప్పడం నేర్పింది నేను. నా గదిలో మీ పరీక్షకని తెచ్చిన పన్నెండు కొత్త డబ్బాలు ఉన్నాయి. ఎనిమిది తీసి వాళ్ళకిచ్చాను. మూడో సూటు సీసా కూడా ఇచ్చి, కారుతున్నదాన్ని ఇక్కడ తగిలించాను. పోయినేడు ప్రదర్శనలో వాడినవి పారేయకుండా షెడ్డులో ఉన్నాయి, తెల్లబడి. వాటికి మూతలు బిగించి ఇక్కడ పెట్టాను. పట్టకారుతోనే. నిషిగోరి-సాన్, మీ కంపెనీ మీద మాట పడుతుంటే విని ఊరుకున్నాను. క్షమించండి.

"మీకు చెప్పొచ్చు కదా అంటారు కజియురా-సాన్. చెబితే మీరు ఒప్పుకునేవారు. ఒప్పుకుంటే ఆ తప్పు మీదయ్యేది. అందుకని చెప్పలేదు అనుకున్నాను అప్పుడు. బోటుకి పైన ఎవరూ ఉండరు. పరీక్షకి పైన మొమొసె ఉన్నాడు, ఫోను ఉంది, ఆపమంటే ఆపేస్తారు. నేను కూడా దిగితే సరిపోతుందనుకున్నాను. అసలు ఆరుగురం దిగాల్సింది మనం. నాలుగు డబ్బాలు పన్నెండున్నరకి అయిపోతాయి, ఐదోది విప్పగానే ఊదాగా మారుతుంది, మీరు చూస్తారు, ఒంటిగంటా పావుకి నీళ్ళు నిలిచినప్పుడు అందర్నీ పైకి పంపేస్తారు. సరుకులో లోపం అని రాస్తారు. అలా లెక్కేసుకున్నాను. ఆరోవాడికి పొద్దున జ్వరమొచ్చింది. ఐదుగురి ఊపిరికి ఆ నాలుగూ ఇంకో గంట ఆగాయి. ఐదోది విప్పేసరికి నీళ్ళు పరుగెత్తుతున్నాయి.

"అక్కడిదాకా చెబితే దురదృష్టం అనుకుంటారు. అది కాదు. ఒంటిగంటా పావుకి నీళ్ళు నిలిచాయి. ఆ ఊడుపు చప్పుడు ఆగింది, నాకు వినపడింది. ఇరవై నిమిషాలు. నేను గొట్టం కింద కూర్చుని ఉన్నాను, చేతిలో అన్నం ముద్ద. ఫోను నా మోకాలికి తగులుతోంది. ఐదో డబ్బా చచ్చిందని నాకు తెలుసు, మీకు తెలియదు. డబ్బాలు నేనే మార్చాను అని ఒక్క మాట అంటే, మీరు నలుగురూ ఈపాటికి పైన కర్రీ తింటూ ఉండేవారు. నాకు ఒక క్షమాపణ కాగితం రాయాల్సొచ్చేది. ముప్ఫై నాలుగేళ్ళలో నా పేరుమీద ఆ కాగితం ఒక్కటి కూడా లేదు. చెబుతాను, చెబుతాను అనుకుంటూ ఆ ముద్ద తినడం పూర్తిచేశాను. వేళ్ళు తుడుచుకున్నాను. మళ్ళీ చప్పుడు మొదలైంది.

"డబ్బాలు బోటు కోసం తీశాను కజియురా-సాన్. దానికి శిక్ష వెయ్యండి, కానీ అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఆ ఇరవై నిమిషాలు నోరు మూసుకుంది మాత్రం బోటు కోసం కాదు. నా కోసం."